తలసరి ఆదాయంలో ముందున్నాం, పిల్లల ఎదుగుదలలో ఎందుకు వెనకబడ్డాం?

కిషన్‌పుర పంతులు | ఆదివారం, రాత్రి 8:40

హనుమకొండలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు అర్థశాస్త్రం చెబుతుంటాను. దేశాభివృద్ధికీ ప్రజల జీవన ప్రమాణానికీ ఉన్న సంబంధం మీద ఏటా ఏదో ఒక రూపంలో ప్రశ్న వస్తుంది. పిల్లలు చక్కగా రాస్తారు, మార్కులూ తెచ్చుకుంటారు. ఈసారి మన రాష్ట్రం లెక్కలు రెండు పక్కపక్కన బోర్డు మీద రాశాను. తరగతి అంతా నిశ్శబ్దం. ఆ ప్రశ్ననే ఇక్కడ పెడుతున్నాను.

2024-25లో తెలంగాణ తలసరి ఆదాయం సుమారు 3.8 లక్షల రూపాయలు. దేశ సగటు 2.05 లక్షలు. ఇక జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. అయిదేళ్ల లోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు 2015-16లో మన రాష్ట్రంలో 28 శాతం. తర్వాతి సర్వేలో 33 శాతం. పిల్లల్లో రక్తహీనత 60.7 నుంచి 70 శాతానికి చేరింది. ఈ సర్వే మన దగ్గర 2019లోనే పూర్తయింది కాబట్టి నెపాన్ని కరోనా మీదకు నెట్టడానికి వీల్లేదు. ఆ నాలుగేళ్లలో రాష్ట్ర ఆదాయం ఏటేటా పెరుగుతూనే వచ్చింది.

ఒక ఇంట్లో సంపాదన పెరుగుతూ ఉండి పిల్లవాడు మాత్రం ఎదగకపోతే ఆ ఇంటి పెద్దను నలుగురూ నిలదీస్తారు. రాష్ట్రం విషయంలో, దేశం విషయంలో ఆ ప్రశ్న ఎందుకు అడగం? మధ్యలో ఏది తెగిపోయింది? తెలిసినవారు చెప్పండి.

గణాంకాల విశ్రాంత ఉద్యోగి | రాత్రి 9:25

పంతులు గారూ, ముందు ఆ తలసరి అంకెను విప్పి చూడాలి. ఏడాదిలో తయారైన సరుకులు, సేవల విలువ కట్టి, తరుగుదల వంటివి తీసేసి, జనాభాతో భాగిస్తే వచ్చేది అది. ఎవరి చేతికి ఎంత అందిందో అందులో ఉండదు. రంగారెడ్డి జిల్లాలోని సాఫ్ట్‌వేర్ కంపెనీల విలువ, ఏటూరునాగారం అడవుల్లో పోడు చేసుకునే కుటుంబం పండించిన జొన్నల విలువ ఒకే కుప్పలో పడతాయి.

జిల్లా లెక్కల్లో ఇంకో మెలిక ఉంది. ఉత్పత్తి ఎక్కడ జరిగితే ఆ జిల్లా ఖాతాలోనే రాస్తాం. భూపాలపల్లి బొగ్గు, చెల్పూరులోని 1,100 మెగావాట్ల కేంద్రంలో తయారయ్యే కరెంటు ఆ జిల్లా ఉత్పత్తి కింద చేరతాయి. ఆ కరెంటుతో నడిచే లిఫ్టులు, ఏసీలు ఎక్కడో ఉంటాయి. జనాభాతో భాగించేసరికి మాత్రం ఆ చెల్పూరు ఉన్న గణపురం మండలంలో కూలికి వెళ్లే మనిషికీ అందులో వాటా వచ్చినట్టు కనిపిస్తుంది. ఇలాంటి పట్టికలు నేను ఉద్యోగ జీవితమంతా తయారుచేశాను. లెక్క తప్పు కాదు. దానిని అడగకూడని ప్రశ్న అడుగుతున్నాం.

జాతీయాదాయాన్ని లెక్కగట్టే పద్ధతిని అమెరికాలో తీర్చిదిద్దిన సైమన్ కుజ్‌నెట్స్ 1934లో అక్కడి చట్టసభకు ఇచ్చిన నివేదికలోనే హెచ్చరించాడు, ఈ అంకెను చూసి ప్రజల క్షేమాన్ని అంచనా వేయడం కుదరదని. అంకెను దేశదేశాలూ తీసుకున్నాయి, హెచ్చరికను వదిలేశాయి.

ఖని కార్మికుడు (విశ్రాంత) | రాత్రి 10:05

లెక్కల సంగతి మీకు తెలుసు. బతుకు సంగతి నేను చెబుతాను. మా నాన్న దొర దగ్గర పాలేరు. నేను యువకుడిగా భూగర్భ గనిలో దిగాను. ఆ జీతంతో ఇద్దరు ఆడపిల్లలను చదివించాను. ఒకమ్మాయి ఇంజనీరు, ఒకమ్మాయి ఉపాధ్యాయురాలు. క్వార్టరు, కుళాయి నీళ్లు, జబ్బు చేస్తే ఆసుపత్రి, అన్నీ ఆ ఉద్యోగం వెంట వచ్చినవే. దేశాభివృద్ధి అంతా కాగితాల మీదేనని ఎవరైనా అంటే ఒప్పుకోను. గని లేకపోతే మా ఇంట్లో పదో తరగతి దాటినవారు ఉండేవారు కాదు.

అయితే ఆనాటి అభివృద్ధి వేరు, ఈనాటిది వేరు. తొంభైల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా ఉద్యోగులం ఉండేవాళ్లం. ఇప్పుడు 40 వేల దగ్గర ఉన్నారు. బొగ్గు మాత్రం 2023-24లో 7 కోట్ల టన్నులు తీశారు, అప్పటికి మూడు రెట్ల పైమాట. యంత్రాలు వద్దని నేను అనను. భూగర్భంలో పైకప్పు కూలి చనిపోయిన స్నేహితులను భుజాల మీద మోసినవాడిని. కానీ అప్పట్లో ఆ బొగ్గు మీద ఆధారపడి ఎన్ని వేల ఇళ్లలో పిల్లలు చదువుకున్నారో, ఈ రోజు అంతకు మూడింతల బొగ్గు మీద అన్ని ఇళ్లు నిలబడటం లేదు. ఉత్పత్తి పెరిగినంత మాత్రాన బతుకుదెరువు పెరగదని మా ప్రాంతం చూస్తే అర్థమవుతుంది.

గ్రూప్స్ అభ్యర్థి, పరకాల | రాత్రి 10:30

పెద్దలందరి మీదా గౌరవంతోనే చెబుతున్నాను. చర్చ ఒక పక్కకే ఒరిగిపోతోంది. 1951 ప్రాంతంలో మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్లు. ఇప్పుడు 72 ఏళ్లు. టీకాలు, వైద్య కళాశాలలు, రోడ్లు, పంటలు లేకుండా ఆ నలభై ఏళ్లు కలిశాయా? వాటికి పన్నుల డబ్బు కావాలి, పన్నులకు ఆర్థిక వ్యవస్థ ఎదగాలి.

పంతులు గారు చెప్పిన ఆరోగ్య సర్వే ఆధారంగానే నీతి ఆయోగ్ బహుముఖ పేదరికాన్ని, అంటే ఆరోగ్యం, చదువు, ఇంటి వసతుల్లో లోటును లెక్కగట్టింది. తెలంగాణలో అది 13.18 శాతం నుంచి 5.88 శాతానికి దిగింది. ఒకే సర్వేలో ఒక వార్త చెడ్డదైతే ఇంకొకటి చాలా మంచిది. రెండూ చెప్పాలి కదా.

ఇలాంటి చర్చల్లో భూటాన్ పేరు ఎప్పుడూ వస్తుంది. ఉత్పత్తికి బదులు ప్రజల సంతోషంతో ప్రగతిని కొలవాలనే 'స్థూల జాతీయ సంతోషాన్ని' ఆ దేశం 2008 రాజ్యాంగంలోనే రాసుకుంది. అయినా అక్కడి యువత పని వెతుక్కుంటూ ఆస్ట్రేలియా విమానం ఎక్కుతోంది. మన ఓరుగల్లులో ఆజంజాహి మిల్లు 1934లో మొదలై 2002లో మూతపడింది. మన నేత కార్మికులు సూరత్, భీవండి వలసపోయి మరమగ్గాల చప్పుడు మధ్య బతికిన కథ ప్రతి వాడలో ఉంది. గీసుగొండ దగ్గర టెక్స్‌టైల్ పార్కులో షెడ్లు లేస్తుంటే నాకు సంతోషం కలుగుతుంది. సొంత ఊరి నుంచి బస్సులో పనికి వెళ్లి రాత్రికి ఇంటికి రాగలగడం కన్నా పెద్ద జీవన ప్రమాణం ఏముంది?

కిషన్‌పుర పంతులు | రాత్రి 11:10

బాగా చెప్పావు బాబూ. బహుముఖ పేదరికం లెక్కలో 12 అంశాలు ఉన్నాయి. వాటిలో బ్యాంకు ఖాతా, కరెంటు, వంటగ్యాసు, మరుగుదొడ్డి, ఇల్లు వంటివి ప్రభుత్వం తలచుకుంటే త్వరగా ఇవ్వగలిగినవి. సిలిండరు ఒక్క రోజులో ఇంటికి వస్తుంది. బిడ్డ ఎత్తు మాత్రం తల్లి కడుపున పడినప్పటి నుంచి రెండేళ్లు నిండేదాకా, వెయ్యి రోజుల తిండి మీద ఆధారపడుతుంది. రెండు వార్తలూ ఒకే సర్వేలో ఎలా వచ్చాయో దీన్నిబట్టి కొంత అర్థమవుతుంది. మొత్తం మాత్రం కాదు.

ఏఎన్‌ఎం, నర్సంపేట వైపు | సోమవారం, మధ్యాహ్నం 1:50

పల్లెల్లో తిరిగే ఆరోగ్య కార్యకర్తను (ఏఎన్‌ఎం). భోజన విరామంలో రాస్తున్నాను.

ఈ మధ్య ఒక తండాలో పిల్లల ఎత్తులు కొలిచాం. రెండేళ్ల లోపు పిల్లలను పడుకోబెట్టి కొలవాలి. తల పైచెక్కకు ఆనేలా ఒకరు పట్టుకుంటే, ఇంకొకరు మోకాళ్లు మెల్లగా నొక్కి పాదాల దగ్గరి చెక్క జరపాలి. బిడ్డ గింజుకుంటుంది, ఏడుస్తుంది, మళ్లీ కొలవాలి. ఇరవై నెలల పాపకు 74 సెంటీమీటర్లు వచ్చింది. ఆ వయసు ఆడపిల్ల సగటున 82 దాటి ఉండాలి. పాప బుగ్గలు నిండుగానే ఉన్నాయి. కొలత అయ్యాక నా మెడలోని గుర్తింపు కార్డు పట్టుకుని ఆడుకుంది. చూసినవారెవరూ ఈ బిడ్డకు లోపం ఉందని అనుకోరు. అదే ఈ జబ్బులో ఉన్న ప్రమాదం. పక్కింటి పిల్లలూ అంతే ఎత్తు ఉంటారు కాబట్టి అది మామూలే అనిపిస్తుంది.

ఆ ఇంట్లో డబ్బు లేదా అంటే ఉంది. స్లాబు ఇల్లు, టీవీ, మోటారు సైకిలు. తండ్రి ట్రాక్టరు నడుపుతాడు. మిరప ఏరే కాలంలో తల్లి తెల్లవారుజామునే లేచి వంట చేసి, ఆరింటికల్లా కూలీల ఆటో ఎక్కుతుంది. అంగన్‌వాడీ తలుపు తెరిచేది తొమ్మిదింటికి. పాప నాయనమ్మ దగ్గర ఉంటుంది. ఆమెకు చూపు సరిగ్గా ఆనదు. ఏడిస్తే అయిదు రూపాయల చిప్స్ ప్యాకెట్ చేతిలో పెడుతుంది. అంగన్‌వాడీ నుంచి వచ్చిన రెండున్నర కిలోల బాలామృతం అనే పోషకాహార పొడి పెద్దపిల్లలు కూడా తింటే నెల సగం కాకముందే ఖాళీ. సాయంత్రం తల్లి వచ్చాక కూడా మిరప ఘాటు చేతులకు ఉంటుంది. కొబ్బరినూనె రాసుకుని, కడుక్కుని, మంట తగ్గాక గానీ బిడ్డకు ముద్ద పెట్టలేదు. అప్పటికి పాప నిద్రపోతుంది.

ఈ వయసు బిడ్డకు రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా, ఓపికగా తినిపించాలని మేము ప్రతి ఇంట్లో చెబుతాం. చెబుతున్నప్పుడు ఆ తల్లి ముఖం చూడలేకపోతాను. ఆమెకు తెలియక కాదు. తినిపించడానికి ఆమె ఇంట్లో ఉండదు.

పంతులు గారూ, తెగిపోయింది ఇక్కడే. తల్లి ఏరిన మిరప వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్టుకు వెళ్తుంది, విదేశాలకు ఎగుమతి అవుతుంది, దేశ ఉత్పత్తిలో చేరుతుంది. బిడ్డ నోటికి అందని ముద్దను ఏ ఖాతాలోనూ తీసివేయరు.

గణాంకాల విశ్రాంత ఉద్యోగి | మధ్యాహ్నం 3:15

అమ్మా, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ తోచలేదు. మీ మాటకు ఒక లెక్క జత చేస్తాను. 2024లో జరిగిన దేశవ్యాప్త సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటిపని చేసేవారిలో ఆడవారు రోజుకు 289 నిమిషాలు, మగవారు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారని తేలింది. ఇంట్లో వండి పెట్టడం, పిల్లలను సాకడం స్థూల దేశీయోత్పత్తి పరిధిలోకే రావు. అదే పనికి ఎవరినైనా జీతానికి పెట్టుకుంటే వస్తుంది. బిడ్డ పెంపకం మీద దేశం మొత్తం నిలబడి ఉంటే, మేము గీసిన పట్టికలో దానికి ఒక గడి కూడా లేదు.

హంటర్ రోడ్డు నివాసి | సాయంత్రం 6:30

నాది వేరే కోణం. 2023 జులైలో వరంగల్‌కు వచ్చిన వరదల్లో మా ఇంట్లోకి నడుము లోతు నీళ్లు వచ్చాయి. ఫ్రిజ్, పరుపులు, పిల్లల పుస్తకాలు, ధ్రువపత్రాలు అన్నీ పోయాయి. తర్వాతి నెలల్లో మా వీధిలో జరిగినంత కొనుగోలు అంతకు ముందెప్పుడూ జరగలేదు. కొత్త ఫ్రిజ్‌లు, మంచాలు, తాపీ పని, రంగులు, మోటార్ల మరమ్మతులు. వాటిలో ప్రతిదీ దేశ ఉత్పత్తిలో చేరుతుంది. పోయినవి మాత్రం ఎక్కడా తీసివేయరు. మేము అప్పులు తీర్చుకుంటూ వరదకు ముందున్న స్థితికి చేరడానికే తంటాలు పడ్డాం.

కాకతీయులు గొలుసుకట్టు చెరువులు తవ్వించారని గర్వంగా చెప్పుకుంటాం. ఒక చెరువు నిండితే అలుగు పారి కింది చెరువుకు నీళ్లు వెళ్లాలి. ఆ దారుల మీదే ప్లాట్లు పడ్డాయి. ప్లాటు అమ్మినప్పుడు దళారీ కమిషన్ రూపంలో ఒకసారి, ఇల్లు కట్టినప్పుడు ఒకసారి, మునిగాక బాగుచేసినప్పుడు ఇంకోసారి ఆర్థిక వ్యవస్థ పెరిగింది. పొంగే నాలాకు చోటు వదిలి ఉంటే ఇందులో ఏదీ లెక్కకు వచ్చేది కాదు, మేము మాత్రం ప్రశాంతంగా నిద్రపోయేవాళ్లం. మబ్బు పడితే మా అమ్మ ఇప్పటికీ కాగితాల సంచి అటక మీదకు ఎక్కిస్తుంది.

ఓరుగల్లు పౌరుడు | సాయంత్రం 7:05

ఆ ప్లాట్లకు అనుమతులు ఇచ్చింది ఏ పార్టీ హయాంలోనో కూడా చెప్పండి మరి.

వేదిక నిర్వాహకులు | సాయంత్రం 7:20

పార్టీల ప్రస్తావన ఇంతటితో ఆపండి. చర్చ బాగా నడుస్తోంది, విషయం మీదే ఉందాం.

మట్టెవాడ ఇల్లాలు | రాత్రి 9:00

మా అమ్మమ్మ ఇంట్లోనే ప్రసవించింది. ఇద్దరు బిడ్డలను పురిట్లోనే పోగొట్టుకుంది. పంతులు గారు చెప్పిన 2019 ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగినట్టు తేలింది. 2018-20 లెక్కల్లో లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు దేశంలో 97 ఉంటే తెలంగాణలో 43. ఇది ఉత్త మాటల అభివృద్ధి కాదు, ఆడవారి ప్రాణాలు నిలిచాయి. ముందుగా ఇది చెప్పి తీరాలి.

కానీ ఆ ఆరోగ్య సర్వేలోనే మన రాష్ట్రంలో సిజేరియన్లు 60.7 శాతం. అందులో దేశంలో మరే రాష్ట్రంలోనూ ఇంత లేదు. జనాభా మొత్తం మీద 10 శాతం దాటాక ఆపరేషన్లు పెంచినంత మాత్రాన తల్లుల, శిశువుల మరణాలు తగ్గినట్టు ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అవసరమైన చోట ఆ ఆపరేషనే ప్రాణం నిలుపుతుంది. అవసరం లేని చోట ఖర్చు, కోత, నెలల తరబడి నడుము నొప్పి మిగులుతాయి. ముహూర్తం చూసుకుని కోయించుకునే కుటుంబాలూ ఉన్నాయి, ఆ బాధ్యత వైద్యుల మీదే వేయను. వైద్యం మీద పెట్టే ఖర్చు పెరగడం, ఆరోగ్యం పెరగడం ఎప్పుడూ ఒకటి కావు. ఏది ఎక్కడిదాకా మేలో అడిగేవారు ఉండాలి.

దోహా నుంచి జగిత్యాల బిడ్డ | రాత్రి 11:45

నేను పంపే డబ్బు స్థూల జాతీయోత్పత్తిలో కూడా ఉండదని, దానిని వేరే చోట లెక్కిస్తారని ఇక్కడ ఒక పెద్దమనిషి చెప్పాడు. మా ఊరి వీధిలో మాత్రం అదే కనిపిస్తుంది, గల్ఫ్ డబ్బుతో కట్టని ఇల్లు వెతికితే గానీ దొరకదు. నా పిల్లలు మంచి బడిలో చదువుతున్నారు. అప్పు తీరింది. ఇక్కడికి రాకపోతే ఇవేవీ జరిగేవి కావు, ఆ మాట నిజం.

మా చిన్నవాడికి జ్వరం వస్తే ఫోనులో చూస్తాను. నాన్నా అని తెరను తడుముతాడు. జీవన ప్రమాణం అని మీరంతా అంటున్న దానిలో దీనికి చోటు ఉందో లేదో చెప్పండి సార్. పరకాల తమ్ముడు రాసినట్టు పనికి వెళ్లి రాత్రికి ఇంటికి రాగలగడం, అదొక్కటే నాకు కావలసింది.

గ్రూప్స్ అభ్యర్థి, పరకాల | మంగళవారం, ఉదయం 7:10

అన్నా, మీ మాటలు చదివి మళ్లీ రాస్తున్నాను. ఆదాయం పెరగాలన్న నా మాట మీద నేను నిలబడే ఉన్నాను. దానితోపాటు ఏఎన్‌ఎం గారిని ఒకటి అడగాలి. ఆ తల్లి మిరప ఏరడం మానేయాలా? కూలి డబ్బు చేతికి వచ్చాకే ఇంట్లో ఆమె మాటకు విలువ వచ్చి ఉంటుంది. బిడ్డ పేరు చెప్పి మళ్లీ ఆమెను ఇంట్లో కూర్చోబెట్టడం న్యాయం కాదు.

ఏఎన్‌ఎం, నర్సంపేట వైపు | ఉదయం 8:00

ఆమె పని మానాలని నేను అనలేదు తమ్ముడూ, అనను కూడా. ఆ కూలితోనే పెద్దమ్మాయి హాస్టలు ఫీజు కట్టింది. నేను అడిగేది ఉదయం ఆరింటి నుంచి తొమ్మిదింటి దాకా, మళ్లీ మధ్యాహ్నం అంగన్‌వాడీ మూశాక సాయంత్రం దాకా బిడ్డను ఎవరు చూడాలన్నది. ఆ గంటలకు ఎవరి దగ్గరా సమాధానం లేదు. తల్లి ఒక్కతే ఎంతకని సర్దుకుంటుంది?

కిషన్‌పుర పంతులు | ఉదయం 9:30

ఈ గంటల సంగతి చట్టం రాసినవారికి తట్టింది. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పని జరిగే చోట ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి ఉంటే వారిని చూసుకోవడానికి ఒక మహిళను పెట్టి ఆమెకూ కూలి ఇవ్వాలని నిబంధన పెట్టారు. అంగన్‌వాడీకే శిశు సంరక్షణ కేంద్రాన్ని జోడించే 'పాల్నా' పథకం కేంద్ర ప్రభుత్వం దగ్గర ఉంది. ప్రైవేటు మిరపతోటలకు మాత్రం ఇవేవీ వర్తించవు. మన ప్రాంతంలో తల్లులు ఎక్కువగా వెళ్లేది అక్కడికే.

కేరళతో పోల్చి చూడండి. 2023 లెక్కల్లో వెయ్యి జననాలకు శిశు మరణాలు అక్కడ 5, మన దగ్గర 18. మనకన్నా వారికి ఎక్కువ డబ్బు ఉండి సాధించింది కాదు. అమ్మాయిల చదువు, ఊరూరా ఆరోగ్య కేంద్రం, పంచాయతీకి పని అప్పగించడం అనే దారులు వారు దశాబ్దాల కిందటే వేసుకున్నారు. అక్కడి యువత కూడా ఉద్యోగాల కోసం గల్ఫ్ వెళ్తూనే ఉంది, కాబట్టి కేరళను ఆకాశానికి ఎత్తను. అయినా ఆదాయాన్ని బిడ్డ ఆరోగ్యంగా మార్చే దారి విడిగా వేయాలని, అది తనంతట తాను పడదని వారిని చూస్తే తెలుస్తుంది.

మాజీ వార్డు సభ్యురాలు, గీసుగొండ మండలం | మధ్యాహ్నం 12:20

మా ఊరిలో ఒక ఏడాది చేసిన పని చెబుతాను, ఎవరికైనా పనికొస్తుందేమో. మిరప కాలంలో బడి పక్కన ఖాళీగా ఉన్న గదిలో ఉదయం ఆరింటికి పిల్లలను దించే ఏర్పాటు చేశాం. మహిళా సంఘంలోని ఇద్దరు పెద్దమ్మలు చూసుకున్నారు. ఉదయం రాగి జావ, ఉడికించిన గుడ్డు. కూలీలను పిలిచే రైతులు మనిషికి రోజుకు ఇంత అని వేసుకుని ఖర్చు భరించారు. మొదట ఎవరూ ఒప్పుకోలేదు. పిల్లలకు చోటు ఉందంటే ఆటోలు నిండుతున్నాయని తెలిశాక వాళ్లే ముందుకు వచ్చారు.

చిక్కులు కూడా చెప్పాలి. బిడ్డ పడి దెబ్బ తగిలితే ఎవరు జవాబుదారీ అన్న గొడవ వచ్చింది. పాలు తాగే పిల్లలను తీసుకోలేకపోయాం. మరుసటి ఏడాది ఆ గదిని వేరే పనికి ఇచ్చేశారు, మా పదవీకాలమూ అయిపోయింది. రాతపూర్వకంగా ఏదీ లేకపోవడంతో ఆగిపోయింది.

ఏఎన్‌ఎం, నర్సంపేట వైపు | మధ్యాహ్నం 1:45

అక్కా, నాకు ఆ వివరాలు కావాలి. ఎంతమంది పిల్లలకు ఒక పెద్దమ్మ సరిపోయారు? గుడ్లు ఎవరి దగ్గర కొన్నారు? రైతుల నుంచి డబ్బు వారానికి తీసుకున్నారా, కాలం చివర్లోనా? మా తండాలో జనవరి నుంచే ఏరడం మొదలవుతుంది. నెలనెలా జరిగే ఆరోగ్య పోషకాహార దినానికి పంచాయతీ కార్యదర్శి కూడా వస్తారు. అంతకు ముందే కాగితం మీద రాసి పెట్టుకుంటే అక్కడే అడగవచ్చు.

మాజీ వార్డు సభ్యురాలు, గీసుగొండ మండలం | మధ్యాహ్నం 2:30

ఎనిమిది మందికి ఒకరు. అంతకు మించితే తినిపించడం కుదరదు. డబ్బు వారానికి వారం తీసుకోండి, చివర్లో అయితే రాదు. మిగతావి పాత పుస్తకంలో చూసి రాత్రికి రాస్తాను.